జెయింట్స్‌ని తిట్టుకుంటూ గడిపిన సాయంత్రాలు

టోక్యో వెళ్లిన కొత్తలో బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది దాదాపు సున్నా. బ్యాటు గుండ్రంగా ఉంటుంది, బంతి కొట్టాక దాన్ని అక్కడే పడేసి పరిగెత్తాలి, అంతవరకే. అది 2007. మనవాళ్లు చాలామంది లాగే నేనూ నిషికసాయ్‌లో అద్దెకి దిగాను, పప్పూ చింతపండూ దొరికే కొట్లు అక్కడే ఉన్నాయి కాబట్టి. ఆఫీసులో క్రికెట్ ఊసెత్తే మనిషి లేడు. పొద్దున్నే కంప్యూటర్లు ఆన్ అయ్యేలోపు అందరిదీ ఒకటే మాట, నిన్న రాత్రి క్యోజిన్ ఏం చేసింది అని. క్యోజిన్ అంటే యోమియురి జెయింట్స్, టోక్యో టీము. సోమవారాలు సాధారణంగా మ్యాచ్‌లుండవు, అందుకని మంగళవారం పొద్దున ఒక్కటే ఆఫీసు కాస్త ప్రశాంతంగా ఉండేది.

అయితే ఆ మాట్లాడేవాళ్లలో సగం మంది జెయింట్స్ ఓడిపోవాలని కోరుకునేవాళ్లని తెలియడానికి కొంత టైమ్ పట్టింది. తమ సొంత టీము గెలిచిందా లేదా అన్నది వాళ్లకి తర్వాతి సంగతి. యాంటీ జెయింట్స్ అని దానికో పేరు కూడా ఉంది, అదేదో పార్టీ సభ్యత్వంలా గర్వంగా చెప్పుకుంటారు. మా టీములో ఒకతన్ని నువ్వు ఏ టీము అభిమానివి అని అడిగితే "ఏదీ లేదు, నేను యాంటీ జెయింట్స్" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా. మన దగ్గర అవతలి హీరో సినిమా ఫట్ మనాలని మొదటి రోజు మొదటి ఆటకే టికెట్ కొనుక్కుని వెళ్లే బాపతు ఉంటారు చూడండి, అచ్చం అలాగే. ఎదుటివాళ్ల స్కోరు అభిమానుల కంటే వీళ్లకే బాగా గుర్తుండేది.

నాకు జెయింట్స్ గురించి తెలిసిందంతా ఇద్దరు చెప్పగా విన్నదే. ఒకరు మా కచో, అంటే సెక్షన్ మేనేజరు. ఒసాకా మనిషి, హాన్షిన్ టైగర్స్ అంటే ప్రాణం పెడతాడు. ఇంకొకరు మా వీధి చివర సెలూన్ నడిపే పెద్దాయన, అందరూ మాస్టర్ అని పిలిచేవాళ్లు. ఈయనకి జెయింట్సే లోకం. వీళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. ఈయన మాట ఆయనకీ ఆయన మాట ఈయనకీ మోసింది నేనే, నాకొచ్చిన అరకొర జపనీస్‌లో, ఒక్కోసారి కావాలనే కాస్త కారం జల్లి.

ముందు సెలూన్ సంగతి చెప్పాలి. బయట ఎరుపు, తెలుపు, నీలం చారల గొట్టం తిరుగుతూ ఉండేది, లోపల రెండే కుర్చీలు. అద్దం పక్కన ఎత్తులో చిన్న టీవీ. కింద బల్ల మీద ఆ రోజు యోమియురి పేపరు, దాని మీద అదే కంపెనీవాళ్ల స్పోర్ట్స్ పేపరు హోచి. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే ఆట మొదలై ఉండేది, ఆయన ఒక కన్ను నా తల మీద, ఒక కన్ను టీవీ మీద. జుట్టు అయ్యాక మొహం మీద వేడి టవల్ కప్పి గడ్డం గీసేవాడు. టవల్ కింద నేను నోరు మెదపలేను కాబట్టి ఆయనకి అంతకంటే మంచి శ్రోత దొరకడు. టోక్యోలో సెలూన్లకి కూడా సోమవారమే సెలవు. అది తన కోసమే పెట్టినట్టు చెప్పుకుని సంబరపడేవాడు, షాపు మూసిన రోజే ఆట కూడా లేదు, కాబట్టి తనకి పోయిందేమీ లేదట.

మాస్టర్‌కి నిక్కర్లు వేసుకునే వయసు నుంచి మీసాలు మొలిచేదాకా జపాన్ ఛాంపియన్ అంటే జెయింట్సే. 1965 నుంచి 1973 వరకు వరసగా తొమ్మిదేళ్లు జపాన్ సిరీస్, అంటే రెండు లీగుల విజేతలు చివర్లో తలపడే పోటీ, వాళ్లే గెలిచారు. మేనేజరు కవాకామి తెత్సుహారు. బ్యాటింగ్ వరసలో మూడు, నాలుగు స్థానాల్లో ఓ, నగాషిమా అనే ఇద్దరు. పబ్లిక్ స్నానాల గదికి వెళ్తే చెప్పులు పెట్టుకునే అరల్లో 3 నంబరు, 1 నంబరు ఎప్పుడూ ఖాళీగా దొరికేవి కావట. నగాషిమా షిగెఒ జెర్సీ 3, ఓ సదహారుది 1. పిల్లలు ఆ రెండు అరల కోసం పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లని, తనకి జీవితంలో ఒకసారి 3 దొరికితే ఆ రోజు స్నానం ముగించి బయటికి రావడానికే మనసు రాలేదని చెప్పాడు. ఆ కాలంలో ఒక మాట ఉండేదట, పిల్లలకి ఇష్టమైనవి మూడు, జెయింట్స్, సుమో వీరుడు తాయ్‌హో, తీపి కలిపిన గుడ్డు అట్టు అని.

అలా చెప్తుంటే నాకు అనుమానం వచ్చి అడిగాను, ఏటా ఒకే టీము గెలుస్తుంటే బోరు కొట్టదా అని. కత్తెర ఆపి అద్దంలోంచి నన్ను చూశాడు. "మీకు పండగ ఏటా వస్తే బోరు కొడుతుందా?" అన్నాడు.

ఇదే ప్రశ్న కచోని అడిగితే ఆయన జవాబు వేరే. ఒసాకాలో కూడా ఆ రోజుల్లో టీవీ పెడితే జెయింట్సేనట. ఆ టీముని పెట్టింది షోరికి మత్సుతరో అనే ఆయన, యోమియురి పేపరు యజమాని. 1934లో బేబ్ రూత్, లూ గెరిగ్ లాంటి అమెరికా హేమాహేమీల్ని పేపరు ఖర్చుతో పిలిపించి, వాళ్ల మీద ఆడటానికి కూడగట్టిన జట్టు నుంచే ఆ డిసెంబరులో ఈ టీము పుట్టింది. అదే ఆయన తర్వాత నిప్పాన్ టీవీ కూడా పెట్టాడు, 1953లో అది మొదలైనప్పుడు ఇళ్లల్లో టీవీలు లేవు కాబట్టి వీధుల్లో, స్టేషన్ల ముందు టీవీలు పెట్టించాడు, జనం వందల్లో గుమిగూడి చూసేవాళ్లు. పేపరు వాళ్లదే, టీవీ వాళ్లదే, టీము వాళ్లదే. పొద్దున మెచ్చుకునేదీ వాళ్లే, రాత్రి చూపించేదీ వాళ్లే అని కచో పళ్లు కొరికేవాడు. ప్రపంచంలోనే ఎక్కువ కాపీలు అమ్ముడుపోయే పేపరు అది, ఒక దశలో రోజుకి కోటి దాటింది.

కానీ ఆ తొలినాళ్ల కథలో సవామురా ఎయిజి గురించి చెప్పేటప్పుడు మాత్రం కచో కూడా గొంతు తగ్గించేవాడు. పదిహేడేళ్ల పిచర్, అంటే బంతి విసిరే కుర్రాడు. 1934 నవంబరు 20న షిజుఒకాలో గెరింగర్, రూత్, గెరిగ్, ఫాక్స్ నలుగురినీ వరసగా స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. చివరికి గెరిగ్ కొట్టిన ఒక్క హోమ్‌రన్‌తో, మన సిక్సర్ లాంటి దెబ్బతో, 1-0 తేడాతో మ్యాచ్ పోయింది, కానీ గుర్తుండిపోయింది ఓడిన కుర్రాడే. తర్వాత జెయింట్స్‌కి ఆడాడు, యుద్ధానికి పిలిస్తే వెళ్లాడు, 1944 డిసెంబరులో అతను ఎక్కిన ఓడని సముద్రంలో పేల్చేశారు. ఇప్పటికీ జపాన్‌లో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే అవార్డు అతని పేరు మీదే ఉంది.

ఇక ఓ సదహారు. ఈయన గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, ఎందుకంటే అప్పట్లో నేనూ పరదేశినే కదా. 868 హోమ్‌రన్లు. కుడి కాలు గాల్లోకి లేపి, కొంగలా ఒంటికాలి మీద నిలబడి కొట్టేవాడు. అరకావా అనే కోచ్ దగ్గర నిజం కత్తి పట్టుకుని, వేలాడదీసిన కాగితాన్ని నరకడం ప్రాక్టీసు చేసేవాడట. 1977 సెప్టెంబరు 3న కొరాకుఎన్ స్టేడియంలో 756వ హోమ్‌రన్ కొట్టి అమెరికా ఆటగాడు హ్యాంక్ ఆరన్ రికార్డుని దాటాడు. ఆ రాత్రి మాస్టర్ వేరేవాళ్ల షాపులో పని నేర్చుకుంటున్నాడు. షాపు యజమాని కుర్చీలో ఉన్న మనిషిని సగం గడ్డం సబ్బుతో వదిలేసి టీవీ ముందుకి పరిగెత్తాడట, ఆ సబ్బు మనిషి కూడా వెనకే వచ్చి నిలబడ్డాడట, మెడకి గుడ్డ కట్టుకునే. ఈ కథ నాకు చాలాసార్లు చెప్పాడు, చెప్పినప్పుడల్లా సబ్బు కొంచెం కొంచెం ఎక్కువయ్యేది.

ఓ పుట్టింది టోక్యోలోనే, సుమిదా వార్డులో. అమ్మ జపనీస్, నాన్న చైనా నుంచి వచ్చి చిన్న చైనీస్ హోటల్ నడుపుకున్న మనిషి. పాస్‌పోర్టు మాత్రం నాన్నదే, చైనా రిపబ్లిక్‌ది. కోషిఎన్ అనే దేశవ్యాప్త హైస్కూలు టోర్నమెంటు గెలిపించిన పిల్లవాణ్ణి అదే ఏడాది జాతీయ క్రీడల్లో ఆడనివ్వలేదు, జపాన్ పౌరుడు కాదు కాబట్టి. ఆ తొమ్మిది వరస టైటిళ్ల కాలంలోనేమో జెయింట్స్ మాకు విదేశీయులు అక్కర్లేదు, అందరూ జపాన్ వాళ్లతోనే గెలుస్తాం అని గొప్పగా చెప్పుకునేది. మరి ఒంటికాలి మీద నిలబడి గెలిపిస్తున్నది ఎవరు? అంతకు ముందు తరంలో ఆ టీముకి పెద్ద దిక్కు స్టార్ఫిన్ అనే రష్యన్, హొక్కయిదోలో పెరిగిన దేశం లేని మనిషి, కెరీర్ మొత్తంలో 303 మ్యాచ్‌లు గెలిచాడు, యుద్ధకాలంలో పేరు కూడా జపాన్ పేరుగా మార్పించారు. ఇదంతా చదివి నేను కాస్త ఆవేశంగా మాస్టర్ దగ్గర ఎత్తితే ఆయనకి నా బాధే అర్థం కాలేదు. "ఓ మనవాడే, సుమిదా కుర్రాడు" అన్నాడు. ప్రతి ఏడూ వీసా ఆఫీసు ముందు క్యూలో నిలబడే నాకు ఆ జవాబు నచ్చిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను.

కచో లంచ్ టైమ్‌లో ఎక్కువగా ఎత్తేది ఎగావా వ్యవహారం. ఎగావా సుగురు గొప్ప పిచర్, జెయింట్స్‌కే ఆడతానని మొండిపట్టు. కొత్త ఆటగాళ్లని టీములు పంచుకునే డ్రాఫ్ట్‌లో మాత్రం లాటరీలాగా ఏ టీము చేతికి వస్తే ఆ టీముకి పోవాలి. 1977లో లయన్స్‌కి వచ్చాడు, పోనన్నాడు. వాళ్ల హక్కు ముగిసి, మరుసటి ఏడాది డ్రాఫ్ట్ జరిగేలోపు మధ్యలో ఒక్క రోజు ఖాళీ ఉందని కనిపెట్టి 1978 నవంబరు 21న జెయింట్స్ అతనితో సంతకం పెట్టించేసింది. లీగ్ ఒప్పుకోలేదు. జెయింట్స్ అలిగి డ్రాఫ్ట్‌కే వెళ్లలేదు. ఆ డ్రాఫ్ట్‌లో ఎగావా హాన్షిన్‌కి వచ్చాడు. కచో అప్పుడు హైస్కూలు పిల్లాడు, ఇంట్లో గంతులేశాడట. చివరికి కమిషనర్ గట్టిగా చెప్పడంతో ఎగావా హాన్షిన్‌లో పేరుకి చేరి, అక్కడి నుంచి జెయింట్స్‌కి ట్రేడ్ అయ్యాడు. బదులుగా హాన్షిన్‌కి పంపింది కొబాయాషి షిగెరుని, జెయింట్స్ ముఖ్యమైన పిచర్‌ని. పాపం ఆయన ట్రెయినింగ్ క్యాంపుకి పోవడానికి హనెదా ఎయిర్‌పోర్టుకి వస్తే అక్కడి నుంచి వెనక్కి పిలిపించి చెప్పారు.

"తర్వాత ఏమైందో అడుగు," అనేవాడు కచో, తనే చెప్పేస్తూ. 1979లో కొబాయాషి 22 మ్యాచ్‌లు గెలిచాడు. అందులో జెయింట్స్ మీద ఎనిమిదికి ఎనిమిది. ఈ ఎనిమిది అన్నప్పుడు ఆయన చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి వేళ్లతో చూపించేవాడు. నేను వెళ్లిన ఏడాదే ఒక సాకే కంపెనీ టీవీ ప్రకటనలో ఎగావాని, కొబాయాషిని ఎదురెదురుగా కూర్చోబెట్టారు, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత. ప్రకటన వస్తే ఆఫీసు పక్క బార్‌లో అందరూ మాటలాపేవాళ్లు. 2010 జనవరిలో కొబాయాషి పోయాడు, యాభై ఏడేళ్లకే. ఆ రోజు కచో మీటింగులో ఒక్క ముక్క కూడా ఎక్కువ మాట్లాడలేదు.

1959 మ్యాచ్ ఇంకొకటి. జూన్ 25న చక్రవర్తి షోవా (హిరోహితో) మొదటిసారి ప్రొఫెషనల్ బేస్‌బాల్ చూడ్డానికి వచ్చాడు, జెయింట్స్, హాన్షిన్ మ్యాచ్. తొమ్మిదింపావుకి ఆయన లేచి వెళ్లిపోవాలి. స్కోరు సమానం. సరిగ్గా కొద్ది నిమిషాల ముందు నగాషిమా, మురాయామా బంతిని లెఫ్ట్ స్టాండ్‌లోకి కొట్టి ఆట ముగించేశాడు. మాస్టర్ లెక్కలో జపాన్ యుద్ధం నుంచి కోలుకున్నది ఆ రాత్రే. మురాయామా మాత్రం బతికున్నన్నాళ్లూ అది ఫౌల్, అంటే గీత బయటికి పోయిన బంతి, అనే అన్నాడు. మా కచో ఆ మ్యాచ్ జరిగినప్పటికి పుట్టనే లేదు, అయినా ఆయన కూడా ఫౌలే అంటాడు. ఇద్దరి మాటా ఇద్దరికీ మోసి నేను పొందిన ఆనందం అంతా ఇంతా కాదు. మాస్టర్ ఒకసారి కోపంతో నా చెవి పక్క జుట్టు అవసరానికంటే ఎక్కువే తీసేశాడు.

నేను మొదటిసారి టోక్యో డోమ్‌కి వెళ్లింది కూడా మాస్టర్ పుణ్యమే. అక్కడ పేపరు చందా కట్టించడానికి ఏజెంట్లు ఇంటింటికీ తిరుగుతారు, చందా కడితే బట్టల సబ్బు పొడి, ఒక్కోసారి జెయింట్స్ మ్యాచ్ టికెట్లు ఇస్తారు. అలా వచ్చే టికెట్లు దాదాపు ఎప్పుడూ వారం మధ్యలో, రెండో అంతస్తులో, ఎదుట యోకొహామా ఉన్న మ్యాచ్‌వే. ఆయనకి షాపు వదలడం కుదరక నాకిచ్చాడు. తొజాయ్ లైన్‌లో ఇయిదాబషి దాకా వెళ్లి, రైలు మారి ఒక్క స్టేషను, సుయిదొబషి. దిగేసరికి నారింజ రంగు తువ్వాళ్లు మెడలో వేసుకుని ఆఫీసు సూట్లలో జనం, టై వదులు చేసుకుంటూ నడుస్తున్నారు.

1988లో కట్టిన డోమ్ అది. పైకప్పుకి స్తంభాలు లేవు. లోపలి గాలి ఒత్తిడి బయటికంటే 0.3 శాతం ఎక్కువ ఉంచి ఆ తెల్లటి గుడ్డలాంటి కప్పుని గాలితోనే నిలబెడతారు. లోపలికి వెళ్లేటప్పుడు తిరిగే తలుపులే, కాబట్టి తెలియదు. మ్యాచ్ అయ్యాక పెద్ద తలుపులు తెరిచినప్పుడు చూడాలి, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు గాలి ఒక్క తోపుతో బయటికి పంపేస్తుంది, టోపీలు ఎగిరిపోతాయి. రెండో అంతస్తు మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే మొదట్లో కుర్చీ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. వీపు మీద బీరు పీపా మోస్తూ కాలేజీ పిల్లలు ఆ మెట్లు పైకీ కిందకీ ఎక్కి దిగుతుంటారు, చెయ్యెత్తితే మీ వరస దగ్గర మోకాలి మీద కూర్చుని పైపుతో గ్లాసు నింపుతారు, నురగ ఒక్క చుక్క కింద పడదు. బంతి స్టాండ్స్‌లోకి వస్తే అక్కడున్న సిబ్బంది ఈల ఊదుతారు, అందరూ తలెత్తి చూడటానికి.

ఆటకంటే నాకు వింతగా అనిపించింది గోల. వాళ్ల గోలకి ఒక క్రమశిక్షణ ఉంది. కుడివైపు చివర్లో జెయింట్స్ అభిమానులు, ఎడమవైపు ఎదుటి టీమువాళ్లు. తమ టీము బ్యాటింగ్ చేస్తున్నప్పుడే పాడతారు, ట్రంపెట్లు, డ్రమ్ములు, ఒక్కో ఆటగాడికి ఒక్కో పాట. అవతలివాళ్ల వంతు రాగానే ఠక్కున కూర్చుని బెంటో, అంటే భోజనం డబ్బా తెరుస్తారు. మన క్రికెట్ స్టేడియంలో పెరిగిన నాకు ఆ వంతులవారీ అరుపులు అలవాటు కావడానికి కొన్ని మ్యాచ్‌లు పట్టింది. తర్వాత ఆఫీసువాళ్లతో జింగూ స్టేడియంకి వెళ్తే అక్కడ యాకుల్ట్ అభిమానులు చిన్న చిన్న గొడుగులు తిప్పుతూ పాట పాడారు, మధ్యలో యోమియురి నాశనమైపోవాలి అనే అర్థంలో ఒక నినాదం. ఆ రోజు ఆట యోమియురితో కూడా కాదు! యాకుల్ట్ కూడా టోక్యో టీమే మరి.

ఆ ఏడాది జెయింట్స్‌లో అందరి నోళ్లలో నానింది ఒగసవారా గడ్డం. నిప్పాన్ హామ్ టీములో గుబురు గడ్డంతో సమురాయ్‌లా ఉండే మనిషి, జెయింట్స్‌కి వస్తూనే నున్నగా గీయించుకున్నాడు. షోరికి కాలం నుంచి జెయింట్స్ ఆటగాళ్లు పెద్దమనుషుల్లా ఉండాలని ఒక నియమం, అప్పట్లో గడ్డాలు, రంగేసిన జుట్టూ కుదిరేవి కావు. మాస్టర్‌కి ఇది వృత్తిపరంగా కూడా నచ్చిన నియమం. కచో ఏమో పరాయి టీముల వాళ్లని డబ్బుతో కొని గుండు కొట్టించి వదులుతారు అనేవాడు. కొనడం మాత్రం నిజమే. 1993లో ఆటగాళ్లకి టీము మారే స్వేచ్ఛ వచ్చాక ఒచియాయ్, కియొహారా లాంటి వేరే టీముల పెద్ద బ్యాట్స్‌మెన్ అందరూ ఇక్కడికే చేరారు. 2004లో ఆ లైనప్ 259 హోమ్‌రన్లు కొట్టి రికార్డు సృష్టించింది, అయినా మూడో స్థానంలో నిలిచింది. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి కచో ఏ సంభాషణనైనా బేస్‌బాల్ వైపు తిప్పగలడు.

2008 మాత్రం ఆయనకి చేదు. జూలైలో హాన్షిన్ జెయింట్స్ కంటే 13 మ్యాచ్‌లు ముందుంది. కచో అక్టోబరులో సెలవు పెట్టుకుని ఒసాకా పోయే ఏర్పాట్లు కూడా చేసుకున్నాడు. అప్పటి నుంచి జెయింట్స్ గెలుస్తూ వచ్చింది, రమిరెస్, ఒగసవారా, ఇ సుంగ్-యొప్, అబే, పందొమ్మిదేళ్ల సకమొతో. ఆ సకమొతో మొదటి హోమ్‌రనే గ్రాండ్‌స్లామ్, అంటే ఒకే దెబ్బకి నాలుగు రన్లు, అదీ హాన్షిన్ మీద. అన్నిటికంటే పెద్ద మంట ఏమిటంటే కుర్రాడిది హ్యోగొ జిల్లా, హాన్షిన్ సొంత మైదానం కోషిఎన్‌కి కూతవేటు దూరం. మా ఊరి పిల్లాణ్ణి పట్టుకుపోయారు అని కచో ఏడుపు. చివరికి అక్టోబరులో జెయింట్స్ లీగ్ ఎగరేసుకుపోయింది. హాన్షిన్ మేనేజరు ఒకాదా రాజీనామా చేశాడు. కచో సెలవు రద్దు చేసుకుని ఆ వారం మా రిలీజ్ టెస్టింగ్ అంతా తనే దగ్గరుండి చేశాడు, అంత శ్రద్ధగా ఎప్పుడూ చేయలేదు. మాస్టర్ ఆ నెల నా దగ్గర గడ్డం డబ్బులు తీసుకోలేదు.

2009 మార్చిలో కచోకి ఒక చిన్న ఊరట. 1985లో హాన్షిన్ లీగ్ గెలిచినప్పుడు ఒసాకాలో అభిమానులు ఒక్కో ఆటగాడిలా కనపడే మనిషి చేత దోతొంబొరి కాలవలో దూకించారు, గడ్డం ఉన్న అమెరికన్ రాండీ బాస్ లాంటివాడు దొరక్క కేఎఫ్‌సీ చికెన్ షాపు ముందున్న కల్నల్ శాండర్స్ విగ్రహాన్ని తీసుకుపోయి పడేశారు. ఆ ఏడాది తర్వాత హాన్షిన్ మళ్లీ జపాన్ సిరీస్ గెలవకపోవడం ఆ విగ్రహం శాపమేనని నమ్మకం. ఆ విగ్రహం ఇరవై నాలుగేళ్ల తర్వాత బురదలోంచి బయటపడింది, కళ్లద్దాలూ ఎడమ చెయ్యీ లేకుండా. 1985లో ఆ రాత్రి వంతెన మీద గుంపులో తనూ ఉన్నానని కచో చెప్పాడు, విగ్రహం మీద చెయ్యి వేశాడో లేదో మాత్రం చెప్పడు.

2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత రోజుల్లో బేస్‌బాల్ ఎవరికీ గుర్తుకొచ్చే పరిస్థితి కాదు. మా అమ్మ రోజూ ఫోన్ చేసి వచ్చేయమని ఏడ్చేది. కరెంటు కొరతతో స్టేషన్లలో ఎస్కలేటర్లు ఆగిపోయాయి, సగం లైట్లు ఆర్పేశారు, కొట్లలో మంచినీళ్ల సీసాలు లేవు. అలాంటప్పుడు యోమియురి పెద్దాయన వతనాబె త్సునెఒ సీజన్ అనుకున్న మార్చి 25నే మొదలవ్వాలని పట్టుబట్టాడు. డోమ్‌లో పగలైనా లైట్లు వేయాల్సిందే, ఇక రాత్రి మ్యాచ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆటగాళ్ల సంఘం వద్దంది, ప్రభుత్వం వద్దంది, జనం తిట్టిపోశారు. చివరికి ఏప్రిల్ 12కి వాయిదా పడింది, ఆ నెల డోమ్‌లో రాత్రి ఆటలు ఆడలేదు. ఇదే వతనాబె 2004లో లీగ్ కుదించాలని చూస్తే ఆటగాళ్ల నాయకుడు ఫురుతా యజమానులతో మాట్లాడతాననగా, వట్టి ఆటగాళ్లకి ఇదేం మర్యాద అని కొట్టిపారేసిన మనిషి. అప్పుడే సెప్టెంబరులో జపాన్ చరిత్రలో మొదటిసారి ఆటగాళ్లు రెండు రోజులు సమ్మె చేశారు.

ఆ వారం సెలూన్‌కి వెళ్తే టీవీ ఆపి ఉంది. మాస్టర్ మొహం మాడ్చుకుని ఉన్నాడు. "టీము ఆయన తాత సొత్తా" అన్నాడు. నేనేమీ కారం జల్లకుండానే, కచో అన్న మాటలే ఆయన నోట్లోంచి వచ్చాయి. జెయింట్స్‌ని అందరికంటే ఎక్కువ తిట్టుకునేది జెయింట్స్ అభిమానులే అని నాకు ఆ రోజే తెలిసింది.

2013 జపాన్ సిరీస్‌లో జెయింట్స్ ఎదురుగా సెందాయ్ టీము రకుతెన్. సునామీ దెబ్బతిన్న ఊళ్ల టీము. దేశమంతా ఒకవైపు, జెయింట్స్ ఒక్కటే ఒకవైపు. ఆ సీజన్‌లో 24 గెలిచి ఒక్కటీ ఓడని పిచర్ తనకా మసహిరోని ఆరో మ్యాచ్‌లో జెయింట్స్ ఓడించింది, అతను 160 బంతులు వేశాక. నేను ఆ గెలుపు మాస్టర్ షాపులో విని చప్పట్లు కొట్టబోయి చుట్టూ చూసి ఊరుకున్నాను. మరునాడు వానలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ అదే తనకా. స్టేడియం అంతా నిలబడి పాడుతుంటే వచ్చి ముగించేశాడు. ఆ తనకా, సకమొతో చిన్నప్పుడు ఇతామిలో ఒకే పిల్లల టీము, సకమొతో పిచర్, తనకా క్యాచర్. టీవీలో ఇద్దరినీ మార్చి మార్చి చూపించారు. "ఓడినా పర్లేదనుకున్నారా?" అని మాస్టర్‌ని అడిగాను. అదేం మాట, ఆరో నంబరులో ఆ బ్యాట్స్‌మన్‌ని ఎందుకు పెట్టారు అని మొదలుపెట్టి అరగంట వాయించాడు. సెంటిమెంటు దారి సెంటిమెంటుదే, బ్యాటింగ్ ఆర్డరు దారి బ్యాటింగ్ ఆర్డరుదే.

తర్వాత కొద్దికాలానికి నేను హైదరాబాద్ వచ్చేశాను. అప్పటికే ఆ ఆట పల్చబడుతూ ఉంది. ఒకప్పుడు రోజూ రాత్రి మామూలు టీవీలో జెయింట్స్ మ్యాచ్ వచ్చేది, అయ్యేదాకా పొడిగించేవాళ్లు. నేను ఉండగానే తొమ్మిదికి అయిదారు నిమిషాల ముందు, బేసులన్నీ నిండి ఉన్నా సరే, తుంచేసి వేరే ప్రోగ్రామ్ వేసేవాళ్లు. తర్వాత అదీ తగ్గి పే ఛానళ్లకి పోయింది. మిగతా టీముల బలమూ పెరిగింది. 2019లో, 2020లో జపాన్ సిరీస్‌లో సాఫ్ట్‌బ్యాంక్ వరసగా నాలుగు నాలుగు మ్యాచ్‌లు గెలిచి జెయింట్స్‌ని ఊడ్చిపారేసింది. ఎవరి దగ్గరా లేనట్టు 22 జపాన్ సిరీస్ టైటిళ్లు ఉన్న టీము అది. కచోకి ఆనందంగా ఉందా అని మెసేజ్ పెడితే, లేదు అని ఒక్క మాట వచ్చింది. కాసేపటికి ఇంకోటి, కొత్త కుర్రాళ్లకి యాంటీ జెయింట్స్ అంటే ఏమిటో కూడా తెలియడం లేదు, వాళ్లకి అదీ ఒక టీమే అని.

2023లో హాన్షిన్ 38 ఏళ్ల తర్వాత జపాన్ సిరీస్ గెలిచింది, అదే ఒకాదా మళ్లీ మేనేజరుగా వచ్చి. కచో అప్పటికి రిటైరయ్యి ఒసాకా వెళ్లిపోయాడు. వీడియో కాల్ చేసి అయిదు నిమిషాలు మాట్లాడలేకపోయాడు. 2024 డిసెంబరులో వతనాబె పోయాడు, 98 ఏళ్లకి. అదే నెలలో తనకా మసహిరో జెయింట్స్‌లో చేరాడు, అవును, ఆ తనకానే. "చూశావా, చివరికి అతన్నీ తీసుకున్నారు" అని కచో రాశాడు. చాలా రోజుల తర్వాత ఆయన మెసేజ్‌లో పాత హుషారు కనిపించింది.

2025 జూన్ 3న నగాషిమా పోయారు, 89 ఏళ్లు. ఆఫీసులో ఫోన్‌లో వార్త చూసి కచోకి ఫోన్ చేశాను. ఆయన 1974 రిటైర్మెంట్ రోజు గురించి చెప్పాడు, మైదానం మధ్యలో నిలబడి మన జెయింట్స్ ఎప్పటికీ చావదు అని నగాషిమా అన్న రోజు. ఒసాకాలో హాన్షిన్ ఇంట్లో పుట్టిన పిల్లాడు అది టీవీలో చూసి ఏడిస్తే వాళ్ల నాన్న నెత్తిన ఒకటి మొట్టాడట. ఇంతకాలం ఈ సంగతి చెప్పలేదేం అంటే, "నువ్వు ఆ సెలూన్ ఆయనకి చేరవేస్తావని" అన్నాడు. మరి 1959 మ్యాచ్‌లో బంతి సంగతేమిటి అని అడిగాను. అది ఫౌలే అన్నాడు, ఆ విషయంలో మార్పేమీ లేదు.

మాస్టర్‌తో మాత్రం సంబంధం పోయింది. ఆయనకి స్మార్ట్‌ఫోన్ ఉండేది కాదు, షాపు నంబరు మోగి మోగి ఊరుకుంటోంది. సోమవారం కాకుండా చూసుకునే చేశాను. నిషికసాయ్‌లో ఇప్పుడున్న మనవాళ్లెవరైనా ఇది చదివితే, స్టేషన్ దక్షిణం వైపు రెండు కుర్చీల సెలూన్, అద్దం పక్కన ఎత్తులో టీవీ ఉంటుంది, కనిపిస్తే కామెంట్లో చెప్పండి. వెళ్లినవాళ్లు 1977 సబ్బు కథ అడగండి, గడ్డం చేయించుకునే టైమ్ పెట్టుకుని మరీ వెళ్లండి.